హరికేన్ కడుపు మీది గీత

మొన్న మదీనాగూడలో ఒక బొమ్మల కొట్లో, అద్దం వెనక హరికేన్ యుద్ధవిమానం కనిపించింది. అరచేతిలో పట్టేంత లోహపు నమూనా. కొట్టతను తీసి చేతికిచ్చాడు. నేను రెక్కలు చూడలేదు, ముక్కు చూడలేదు, తిరగేసి కడుపు చూశాను. అచ్చు రెండు చెక్కలూ కలిసిన చోట సన్నటి గీత గోటికి తగిలింది. ఒళ్లు మండింది. పాతికేళ్లు దాటినా మామగారి మీద నాకు కోపం చల్లారలేదన్నమాట. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ప్రయత్నిస్తాను, హామీ మాత్రం ఇవ్వలేను.

తొంభైల చివర మాదాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రటి అద్దాల భవనం అప్పుడే లేచింది. చుట్టూ ఇంకా బండలు పేలుస్తుంటే మా కిటికీలు గడగడలాడేవి. నా అద్దాల బీరువాలో పదకొండు యుద్ధవిమానాలుండేవి, విదేశాలకు వెళ్లొచ్చే ఆఫీసువాళ్ల కాళ్లావేళ్లా పడి తెప్పించుకున్నవి. ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ కంటే ముందు ఉపన్యాసం అందేది. జర్మన్లు ఇంగ్లండు మీద విరుచుకుపడ్డప్పుడు పేరంతా స్పిట్‌ఫైర్ విమానం కొట్టేసింది గానీ ఎక్కువ విమానాలను కూల్చింది హరికేనేనని, దాని వెనకభాగం చట్రం మీద బిగించిన ఉత్త గుడ్డేనని, తూటా దూసుకుపోతే అతుకేసి మళ్లీ ఎగరేసేవారని, బర్మా యుద్ధంలో మన పైలట్లు నడిపింది కూడా దాన్నేనని. నా హరికేన్ ఆ బర్మా రంగుల్లోదే. పైన ఆకుపచ్చ, మట్టిరంగు, కింద లేత బూడిద.

మామగారు బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు చేశారు. అక్కడ జస్తా, అంటే జింకు, కరిగించి తలుపు గడియలూ కుళాయి పిడులూ పోతపోసేవారు. అచ్చులోంచి వచ్చిన ప్రతి వస్తువుకీ ఒక గీత ఉంటుంది. దాన్ని ఆకురాయితో రాకి నున్నగా చేయడం ఆయన పని. గీత మిగిలిపోయిన సరుకు ఆయన దృష్టిలో సరుకే కాదు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న ఆకురాయి ఉండేది. నేనూ మా ఆవిడా ఒకే ఆఫీసు. మాది కోస్తా, వాళ్లది ఇక్కడే. పెళ్లికి రెండువైపులవాళ్లూ సమానంగా మొహాలు మాడ్చుకున్నారు.

ఒక ఆదివారం పని పడి నేను ఆఫీసుకెళ్లాను. తిరిగొచ్చేసరికి మామగారు హాల్లో పేపరు పరుచుకుని కూర్చుని ఉన్నారు. పేపరు మీద మెరిసే పొడి. చేతిలో నా హరికేన్. ముక్కు నుంచి తోక దాకా కడుపు మీది రంగంతా లేచిపోయి తెల్లటి లోహం తేలింది.

“మాలు మంచిదే అల్లుడా, సఫాయి చెయ్యకుండనే పెట్టెల పెట్టిన్రు. జర గోరు పెట్టి చూడు, ఇగ తాకదు,” అన్నారు. ఆ మొహంలో ఎంత సంతోషమో! అదే నన్ను మరీ రెచ్చగొట్టింది.

మా వైపు వాళ్లం ‘అండీ’ తగిలించి మరీ తిట్టగలం. “ఇది మీ బాలానగర్ కుళాయి పిడి కాదండీ. మీ మోటు చేతులతో ఈ ఇంట్లో ఇంకేదీ ముట్టుకోకండి మామయ్యగారూ,” అన్నాను.

“పొరపాటైంది. నాకు ఎర్క లేదు,” అని ఆయన పేపరు జాగ్రత్తగా మడిచి, పొడితో సహా పట్టుకుని వెళ్లిపోయారు. “మా నాయన చేతుల్ని అన్నవు నువ్వు. నన్నన్నా ఊకుందును,” అంది మా ఆవిడ. 

ఆయన రావడం మానలేదు. మానేస్తే నాకు సుఖంగానే ఉండేది. ప్రతి ఆదివారం వచ్చేవారు, నా మాటను అక్షరాలా పాటించేవారు. కాలింగ్ బెల్ నొక్కేవారు కాదు, బయట నిలబడి కూతుర్ని పిలిచేవారు. మంచినీళ్లు ఇంటి నుంచే సీసాలో తెచ్చుకునేవారు. కూతురు కుర్చీ చూపిస్తే, “వద్దు బిడ్డా, నిలవడ్తే మంచిగుంటది,” అనేవారు. అందరూ అది మర్యాద అనుకున్నారు. కాదు, పగ. నాకు తెలుసు, ఎందుకంటే నాదీ అదే జాతి.

తర్వాత మాకు పాప పుట్టింది. పుట్టింట్లో ఉన్న అయిదు నెలలూ ఆయన చేతుల మీదే పెరిగిందట. మా ఇంటికి తెచ్చాక మొదటి ఆదివారం ఆయన వచ్చారు. పాప గుర్తుపట్టి, ఉయ్యాలలోంచి రెండు చేతులూ చాచి ఏడుపు లంకించుకుంది. ఆయన ఉయ్యాల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కళ్లనిండా నీళ్లు. చేతులు మాత్రం కదల్లేదు.

“బిడ్డా, పాపను జర బయటి మెట్ల కాడికి తీస్కరా. ఆడ ఎత్తుకుంట,” అన్నారు కూతురితో. ఆమె నా వంక చూసింది. నేను పేపరు చదువుతున్నాను, అంటే పట్టుకుని కూర్చున్నాను. మెట్ల మీద ఆయన ఒళ్లోకి వెళ్లగానే పాప ఏడుపు ఆగింది.

“లోపలికొచ్చి ఎత్తుకోండి మామయ్యగారూ” అనడానికి అర నిమిషం చాలు. ఆ తర్వాత ఆయన ఆరేళ్లు బతికారు, ఆరేళ్లూ మెట్ల మీదే మనవరాలిని ఎత్తుకున్నారు, నాకు ఆ అర నిమిషం దొరకలేదు.