‘పోతున్నా’ అన్న పిల్ల

తాండూరులో బండలు పాలిష్ చేసే ఒక యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని నేను. యాభైకి దగ్గర పడుతున్న వయసులో జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్‌కు వీరాభిమానినని తెలిస్తే మా వాళ్లు పడీ పడీ నవ్వుతారు. అందుకే పనిలో ఎవరికీ చెప్పలేదు. దాని గురించి మాట్లాడుకోవడానికి నాకు ఉన్నది ఒక్క మనిషే, నా బిడ్డ.

ఆ పిచ్చి అంటించింది కూడా తనే. వాళ్లమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఇంటర్ చదివే రోజుల్లో అన్నాల వేళ ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి యానిమే అనే ఆ బొమ్మల సీరియల్ పెట్టేది. కింద ఇంగ్లిషులో మాటలు పడేవి. నేను మొదటి మాట కూడబలుక్కునే లోపే మిగతావి మాయమయ్యేవి. అందుకని తనే చదివి చెప్పేది. నోట్లో ముద్ద పెట్టుకుని చెప్తుంటే సగం అర్థమయ్యేది కాదు, అయినా ఎంతో బాగుండేది. ‘చిన్నపిల్లల బొమ్మలు నాకెందుకు’ అని మొదట్లో విసుక్కున్నవాణ్ని, కొన్నాళ్లకు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విడవకముందే “గా పిల్ల సంగతి ఏమైంది?” అని అడగసాగాను.

కొండ మీద ఊళ్లో ఒంటరిగా ఉంటూ, ఇంటింటికీ పాల సీసాలు వేసే పిల్ల కథ అది. రోజూ పొద్దున ఇల్లు వదిలేటప్పుడు, లోపల ఎవరూ లేకపోయినా, తలుపు దగ్గర నిలబడి ఒక మాట అంటుంది. జవాబు రాదు. కాసేపు ఆగి, సైకిలెక్కి వెళ్లిపోతుంది. అంతే. ఆ మాటేమిటో నాకు తెలిసేది కాదు.

“పోయొస్త అంటది డాడీ,” అంది బిడ్డ ఒకరోజు. “వాళ్లు గూడ మన లెక్కనే. ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు పోత అనరు.”

ఆ పూట నాకు జపాన్ ఎక్కడో సముద్రాల అవతల కాదు, మా పక్కూరు యాలాల్ దాటగానే ఉన్నట్టు అనిపించింది.

తర్వాత బిడ్డ డిగ్రీకి హైదరాబాద్ వెళ్లి హాస్టల్‌లో చేరింది. ఒక్కణ్నే ఆ యానిమే పెట్టుకుని చూడబోయాను. చదివి చెప్పేవాళ్లు లేక, బొమ్మలు కదులుతుంటే చూస్తూ అన్నం తినేవాణ్ని. ఇంతలో ఆ కథనే నిజం మనుషులతో సినిమా తీశారని, తెలుగులో కూడా వస్తుందని బిడ్డ ఫోన్ చేసి చెప్పింది.

“ఇద్దరం కలిసే చూద్దాం డాడీ. నువ్వు తాండూర్‌కెల్లి రా, నేను గిట్లకెల్లి వస్త. వికారాబాద్‌ల కలుద్దాం.”

ఆ ఆదివారం కోసం కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. సినిమాకు కాదు, బిడ్డను చూడటానికి. వికారాబాద్‌లో రైలు దిగి హాలు దగ్గరికి చేరేసరికి ఫోన్ వచ్చింది. స్నేహితులు బలవంతం చేస్తే నిన్ననే చూసేసిందట. “ఏమనుకోకు డాడీ, నువ్వు చూసి రా. మస్తుంది!” అంది. ఏమనుకుంటాను? టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాను.

ఎవరి మీదో కోపం సినిమా మీద చూపించానని మీరంటే కాదనను. కానీ సినిమా కూడా బాగాలేదు. బొమ్మలో ఆ పిల్ల నీలం జుట్టు నీలం జుట్టులాగే ఉంటుంది. మనిషి నెత్తిన పెడితే నాటకాల వాళ్ల విగ్గులా ఉంది. ఎండలో సైకిల్ తొక్కే పిల్లకు చెమట చుక్క లేదు. అవన్నీ ఓర్చుకున్నాను. తలుపు దగ్గరి ఘట్టం వచ్చింది. ఆ పిల్ల చెయ్యి ఊపి, తెలుగులో హుషారుగా “పోతున్నా!” అంది.

మా ఇళ్లల్లో గడప దాటుతూ ఎవరైనా ఆ మాటంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి పంపేవాళ్లు. చివరిసారి ఆసుపత్రికి బయల్దేరినప్పుడు నా భార్య కూడా “పోయొస్త” అనే ఆటో ఎక్కింది.

అది చాలనట్టు, ఆఖర్లో ఎప్పుడో చనిపోయిన ఆ పిల్ల అమ్మమ్మ గొంతు ఇంట్లోంచి జవాబు చెప్పింది. “క్షేమంగా రా తల్లీ” అని. వయొలిన్లు మోగాయి. నా వరుసలో ఎవరో ముక్కు చీదారు. నాకు ఒళ్లు మండింది. బొమ్మల కథలో, జవాబు రాదని తెలిసి కూడా ఆ పిల్ల రోజూ చెప్పేది. నాకు ఆమె మీద ప్రేమ పుట్టిందే అందుకు.

సాయంత్రం వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద తాండూరు బండి కోసం నిలబడి బిడ్డకు ఫోన్ చేశాను. ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఒక్కసారి ‘అవును డాడీ’ అంటే చాలు, ఆ పొద్దంతా నేను మరిచిపోదును.

“గంతగనం ఎందుకు ఆలోచిస్తవ్ డాడీ?” నవ్వింది. “అమ్మమ్మ మాట్లాడితే మేమందరం ఏడ్చినం. పాపం, ఎన్నిరోజులని ఒక్కతే ఉంటది?”

“మరి ‘పోతున్నా’ అంటే నీకు ఏమనిపియ్యలే?”

“గట్లన్నదా? నేను ఇనలే.”

ఫోన్‌ను చెవికి ఇంకాస్త ఆనించుకున్నాను. అటువైపు బస్సు హారన్లు, ఆడపిల్లల నవ్వులు.

“సరే డాడీ, బస్సు దిగుతున్న. ఇంటికి పోయినంక చేస్త.”

“ఏంది?” అన్నాను.

“ఇంటికి! ఇంటికి పోయినంక చేస్త అంటున్న,” గొంతు పెంచి చెప్పింది బిడ్డ, ప్లాట్‌ఫారం మోతలో నాకు వినబడలేదనుకుని.

మొదటిసారే వినబడింది. మొన్నమొన్నటిదాకా ‘హాస్టల్‌కు పోయినంక’ అనేది.