గోపాలపట్నంలో చేపల కొట్టు పెడితే శనివారాల సంగతేమిటి?

మా చెల్లెలికి ఫోన్ చేసే అలవాటు లేదు. మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటుంది, మాట్లాడే ఖర్చు నాది. అలాంటిది ఆ శుక్రవారం తనే పూర్తిగా మోగనిచ్చి, "అన్నయ్యా, రేపు సాయంత్రం మీ బావ సంతకం పెట్టేస్తున్నారు, ఒకసారి వచ్చి చూడు" అంది. మా బావ అప్పలరాజు స్టీల్ ప్లాంటు నుంచి ముందుగా రిటైరై వచ్చినవాడు. ఒక కంపెనీ చేపల్ని శుభ్రం చేసి, ముక్కలు కోసి, డబ్బాల్లో పంపుతుందట. మనం వాళ్ల బోర్డు పెట్టుకుని అమ్మాలి. దీన్నే ఫ్రాంచైజీ అంటారు. పన్నెండు లక్షలు. మా చెల్లెలి చేతిలో ఉన్నది అదొక్కటే, ఆ తర్వాత పింఛనంటూ పెద్దగా ఏమీ లేదు.

రాజమండ్రి వైపు నుంచి గోపాలపట్నం వెళ్లేవాళ్లు తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కడం మేలు. టికెట్టు వంద లోపే, పైగా గోపాలపట్నంలోనే ఉన్న సింహాచలం స్టేషన్లో దిగిపోవచ్చు. ఎక్స్‌ప్రెస్ మోజులో విశాఖ దాకా పోతే మళ్లీ వెనక్కి రావాలి. పదిన్నరకల్లా నేను దిగేసరికి బావ స్టేషన్ బయట కొత్త చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఇంటికి వెళ్లే దారిలో ముగ్గురు "ఓనరు గారూ" అని పలకరించారు. వీధి వీధంతటికీ చెప్పేశాడన్నమాట.

చెల్లెలు పెట్టిన ఉప్మా తిని, ఆ కంపెనీదే నడుస్తున్న కొట్టు ఒకటి చూద్దామన్నాను. "పన్నెండు లచ్చలిస్తే తాళం సేతికిచ్చేత్తారు బావా, ఇంకేటి సూత్తావ్" అన్నాడు గానీ కాదనలేదు. కంపెనీవాళ్లు తమ కాగితాల్లో గొప్పగా చెప్పుకున్న కొట్టు జ్ఞానాపురంలో ఉంది. ఆటో రెండు వందలకు కుదిరింది. చేపల కోసమైతే జాలరిపేట పోవాలి గానీ జ్ఞానాపురం దేనికని డ్రైవరు అడిగాడు. కొనడానికి కాదు, అమ్మడానికి అని బావ గంభీరంగా చెప్పాడు.

ఎన్.ఎ.డి. జంక్షన్ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కున్నంతసేపూ నాకు నా మొదటి సైకిలు గుర్తొచ్చింది. కొట్లో చెప్పిన ధర ఉత్త సైకిలుది. బెల్లు వేరే, స్టాండు వేరే, క్యారియరు వేరే, తాళం సరేసరి. ఇంటికి తెచ్చేసరికి ఇంకో సగం సైకిలు డబ్బులయ్యాయి. అదే కథ బావకు చెప్పి, పన్నెండు లక్షల్లో ఏమేం లేవో ఒక్కొక్కటీ అడిగాను. కొట్టు అడ్వాన్సు లేదు. ఫీజు మీద జీఎస్టీ లేదు. ఫ్రీజర్లకు కావలసిన కరెంటు కనెక్షను, జనరేటరు లేవు. జ్ఞానాపురం చేరేసరికి పన్నెండు కాస్తా పదిహేను దాటింది. బావ మొహం కొంచెం వాడినా, "అమ్మకాలుంటే అయ్యన్నీ ఏడాదిలో తీరిపోతాయి" అన్నాడు. అదీ నిజమే.

కొట్టు నడిపేది స్టెల్లా అనే నలభై ఏళ్లావిడ. కొట్టు పెద్ద చర్చికి దగ్గరే. అంత శుభ్రమైన చేపల కొట్టు నేనింతవరకు చూడలేదు, ముక్కు మూసుకునే అవసరమే రాలేదు. మధ్యాహ్నం అవుతున్నా జనం తగ్గలేదు. ఆ జనాన్ని చూసి బావ నన్ను మోచేత్తో పొడిచాడు. రద్దీ కాస్త సడలాక స్టెల్లా మేమెందుకొచ్చామో విని, మమ్మల్ని కూర్చోబెట్టి, రుచి చూడమని రెండు ప్లేట్లలో వంజరం వేపుడు ఇచ్చింది. నాకు వారాల పట్టింపు లేదు కాబట్టి మొదలెట్టేశాను. బావ ప్లేటు పక్కకు జరిపాడు.

"ఈవేళ శనివారం కదమ్మా. నాను తినను."

"మీ వీధిలో అందరూ అంతేనా అన్నయ్యా?"

"సింహాద్రి అప్పన్న కొండ కింద ఉన్నోళ్లం. శనివారమే కాదు, కార్తీకం వస్తే నెల్లాళ్లూ ముట్టం" అన్నాడు బావ, కాస్త గర్వంగానే. అని, ఆగిపోయాడు.

స్టెల్లా గల్లా దగ్గర నిలబడ్డ ఒకాయనకు చిల్లర ఇచ్చి వచ్చి అప్పుడు చెప్పింది. తన కొట్టున్న వీధిలో ఎక్కువమందికి శనివారమూ ఒకటే, సోమవారమూ ఒకటే. పైగా ఈస్టరు ముందు తపస్కాలంలో శుక్రవారాలు మాంసం మానేసి చేపలు తింటారు, అప్పుడు ఊపిరి సలపదు. కంపెనీ కాగితంలోని అమ్మకాలు ఈ వీధివి. ఇక ఒప్పందంలో ఇంకో మాట ఉంది: రోజూ ఇంతకు తక్కువ కాకుండా సరుకు దించుకోవాలి, మిగిలితే నష్టం మనదే.

"కొట్టు మూసుకున్నా బండొచ్చి దించేసి పోతాది అన్నయ్యా. కార్తీకం అంతా ఆ సరుకు ఏం సేత్తారు?"

బావ ఫ్రీజరు దగ్గరికి వెళ్లి లోపలున్న డబ్బాలు లెక్కపెట్టాడు. తర్వాత, ఇదంతా మాకెందుకు చెబుతున్నావమ్మా అని అడిగాడు.

"మీరు సేరితే నాకు కంపెనీ ముప్పై వేలు ఇస్తాది. తీసుకున్నాక, రేపు మీరెక్కడో ఎదురుపడితే మొకం ఎక్కడెట్టుకోను?"

వేపుడుకు డబ్బులిస్తే తీసుకోలేదు.

సాయంత్రం ఐదింటికి ఆశీల్‌మెట్ట దగ్గర హోటల్లో కంపెనీ కుర్రాడు పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. బావ దాన్ని పక్కన పెట్టి, శనివారాలూ కార్తీకమాసమూ సరుకు వద్దంటే ఆపుతామని రాసివ్వమన్నాడు. కుర్రాడు మర్యాదస్తుడే, పైవాళ్లకు ఫోన్ చేసి అడిగాడు. కుదరదన్నారు. అప్పటికే కట్టిన పాతికవేల టోకెను అడ్వాన్సు వెనక్కి రాదని కూడా అన్నారు. బావ లేచి దండం పెట్టి బయటకొచ్చేశాడు.

గోపాలపట్నంలో ఆటో దిగగానే కిళ్లీకొట్టు దగ్గర ఒకాయన, "ఓనరు గారూ, ఓపెనింగు ఎప్పుడు?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడనుకున్నాను. బావ ఆగి, అక్కడున్న నలుగురికీ వినపడేలా, "లేదు బాబూ. సేపలమ్మాలనుకున్నాను గానీ, నానే ఎన్ని రోజులు తింతానో లెక్కేసుకోలేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన బల్ల మీద జరిగి చోటిచ్చాడు.

తిరుగు రైల్లో నేను ఆలోచించింది పోయిన పాతికవేల గురించి కాదు. ముప్పై వేలు వదులుకున్న ఆవిడ, వీధి మధ్యలో ఓనరుగిరీ దించేసుకున్న మా బావ, ఇద్దర్నీ ఒకే రోజు చూశాను. ఏ వ్యాపారానికైనా అసలు ఖర్చు కాగితం మీద సగమే ఉంటుంది. మిగతా సగం మన వీధి ఎప్పుడు ఏం తింటుందో, ఎప్పుడు మానేస్తుందో అన్న దాంట్లో ఉంటుంది. కాబట్టి మీరు ఫ్రాంచైజీ కొనబోతుంటే కంపెనీ చూపించే కొట్టుకు మాత్రమే వెళ్లకండి. మీలాంటి జనమున్న పేటలో అదే కంపెనీ కొట్టు వెతికి, అది ఈగలు తోలుకుంటున్న రోజున వెళ్లి కూర్చోండి.