గులాబీ పావురం టికెట్

మా చిన్నప్పుడు... కోదాడలో తపాలా బిళ్లను మేమెవరమూ ఆ పేరుతో పిలిచేవాళ్లం కాదు. టికెట్ అనేవాళ్లం. ఆ టికెట్ అన్న మాటే నా కొంప ముంచింది!

ఏడో తరగతిలో నాకు మారిషస్‌లో ఒక కలం స్నేహితురాలు ఉండేది. పత్రికలో అడ్రసు చూసి రాస్తే, నా అదృష్టం కొద్దీ జవాబు వచ్చింది. కవరు మీద గులాబీ రంగు పావురం! వాళ్ల దీవిలో తప్ప ఎక్కడా ఉండదట... అక్కడ కూడా కొన్నే మిగిలాయట. కవరు ముక్కను సత్తు గిన్నెలో నానబెట్టి, టికెట్‌ను మెల్లగా ఊడదీసి, ఆరబెట్టి నోటుబుక్కులో దాచుకున్నాను. క్లాసులో ఇక నా దర్జాయే వేరు.

మా నాయనమ్మకు చదువు రాదు. మిర్యాలగూడలో ఉండే మేనత్తకు ఆమె చెబుతుంటే నేనే రాసేదాన్ని. అత్త జవాబు వస్తే నేనే చదివి వినిపించేదాన్ని. ఒకరోజు ఉత్తరం రాసి కవర్లో పెట్టి, బడికి ఆలస్యమవుతోందని లేచాను.

"టికెట్ ఏడ పెట్టినవే?" అంది నాయనమ్మ.

"పుస్తకంల ఉంది, తీస్కో" అని ఉరికాను. నేనన్నది లెక్కల పుస్తకంలోని మామూలు టికెట్ గురించి.

సాయంత్రం నోటుబుక్కు తెరిస్తే పావురం లేదు! నాయనమ్మ దాన్ని కవరుకు అన్నం మెతుకులతో అతికించి, ఉత్తరం డబ్బాలో వేసి వచ్చేసిందట. పరుగెత్తాను... అప్పటికే తపాలా సంచి వెళ్లిపోయింది.

"పుస్తకాలన్నీ తిరగేస్తే రెండు కనవడ్డయి. నా బిడ్డకు పోయే ఉత్తరం గదా... మంచిది ఏరి పెట్టిన" అంది బిక్కమొహంతో.

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పాపం, పోస్టాఫీసుకు పోయి "పావురం టికెట్ ఇయ్యిండ్రి" అని అడిగి వచ్చింది కూడా.

తర్వాత అత్త జవాబు వచ్చింది. నాయనమ్మ నా ముందు కూర్చుంది. విప్పి ముందు నాలో నేను చదువుకున్నాను.

"అమ్మా, ఈ టికెట్ మన దేశంది కాదని పోస్టాయన పైసలు కట్టమన్నడు. కట్టి తీస్కున్న. ఆ పిట్ట ఎంత మంచిగున్నదో! పుట్టింటి నుంచి ఇంత సక్కటిది నాకెన్నడు రాలె. అద్దానికి అతికిచ్చుకున్న..."

నా పావురం ఆమె అద్దం మీదా! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్కలన్నీ మింగేసి, 'అందరం మంచిగున్నం' అన్నది మాత్రం పైకి చదివాను.

"టికెట్ ముచ్చట ఏం రాయలేదా బిడ్డా?"

"ఏం రాయలె."

"సరే తీ..." అని లేచి వెళ్లిపోయింది.

అత్త మళ్లీ పుట్టింటికి వచ్చేసరికి నాయనమ్మ లేదు. ఆ నాలుగు ముక్కలు వింటే ఎంత మురిసిపోయేదో... తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు ఫోన్లో ఎవరి ముచ్చట వాళ్లే వింటున్నారు. మధ్యలో మాటలు మింగే నాలాంటి వాళ్లతో పనే లేదు. ఒకందుకు అదే మంచిదేమో...

మీరూ ఇంట్లో పెద్దవాళ్లకు ఉత్తరాలు చదివి పెట్టే ఉంటారు కదా... ఉన్నదున్నట్టే చదివారా?