అవసరం అన్న మాట

పోయిన వారం పనుండి కైకలూరులో మావయ్య ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. చేపల లారీ ఒకటి వెనక్కి వచ్చి ఆగింది. కొత్తగా చేరిన కూలీ ఒకాయన ఐసు దిమ్మను కొక్కెంతో లాగుతూ లోపలివాళ్లను “అవసరం, అవసరం!” అని కేకేశాడు. వాళ్లు పరుగున వచ్చారు. అక్కడ అవసరమంటే తొందర. ఆ నాలుగు గోడల మధ్య మాత్రమే ఆ మాటకు ఆ అర్థం. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, “ఏమోనండీ, ఇక్కడంతా అలాగే అంటారండి” అన్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

ఆ మాట తెచ్చినాయన శ్రీలంక నుంచి వచ్చిన తమిళ కాందిశీకుడు. నేను అన్న అనేవాణ్ణి, ఆయన నన్ను తంబీ అనేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. తాడేపల్లిగూడెంలో డిప్లొమా ముగించి, ఏలూరులో ఉద్యోగం దొరికేదాకా మావయ్య దగ్గర మిషన్ల రిజిస్టరు రాసేవాణ్ణి. ఏ గంటకు ప్రెషరు ఎంత, ఐసు గడ్డకట్టించే ఉప్పునీళ్ల తొట్టి ఎంత చల్లగా ఉంది, ఇవీ నా పని. ఒకరోజు రొయ్యపిల్లల వ్యాను డ్రైవరు తమిళనాడు నుంచి ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. సముద్రం ఒడ్డున ఉన్న తన ఊళ్లో పదిహేనేళ్లు ఐసు ఫ్యాక్టరీ నడిపాడట. యుద్ధంలో ఫ్యాక్టరీ పోయింది, సర్టిఫికెట్లూ పోయాయి. భార్యనూ కూతుర్నీ శరణార్థుల క్యాంపులో ఉంచి పని వెతుక్కుంటూ వచ్చాడు. గేటు దగ్గర నిలబడే మా కంప్రెసర్ చప్పుడు విని, తల అడ్డంగా ఊపి, రెండు వేళ్లు చూపించాడు. విప్పి చూస్తే రెండో వాల్వే అరిగి ఉంది.

నాకు ఏ సమస్య అయినా జాబితాగా రాసుకుంటే గాని ఊపిరాడదు. ఆయన ఉద్యోగానికి అడ్డంకులు నోటుబుక్కులో వరసగా రాశాను. క్యాంపు కార్డు తప్ప కాగితం లేదు. నెలకోసారి క్యాంపుకు వెళ్లి కనబడి రావాలి, దానికి సెలవు కావాలి. పూచీ ఉండేవాళ్లు లేరు. తెలుగు రాదు. ఐదోది, మావయ్య.

“కాగితం లేని మనిషిని అమోనియా గ్యాసు దగ్గర నిలబెట్టమంటావేంట్రా అల్లుడూ? రేపేదన్నా అయితే ఎవడొస్తాడు?”

“నేనొస్తాను మావయ్యా. పూచీ సంతకం పెడతాను.”

“నీకే ఉద్యోగం లేదు. నువ్వు పూచీయా!”

అయినా ఒక నెల చూద్దామన్నాడు. ఏ గొడవా లేకుండా నెల గడిస్తే పని ఖాయం. ఫ్యాక్టరీ వెనక ఖాళీ గది కూడా ఇస్తాడు, పెళ్లాం పిల్లను తెచ్చుకోవచ్చు. అన్న ఆ గదికి రోజూ ఒకసారి వెళ్లి కిటికీ తెరిచి, మళ్లీ మూసి వచ్చేవాడు.

ఇక మిగిలింది భాష. రెండు పేజీల్లో మాటలు రాశాను. ఒక పేజీలో కొత్తగా నేర్చుకోవాల్సినవి. రెండో పేజీకి ‘రెండు భాషల్లోనూ ఒకటే’ అని పేరు పెట్టాను. ఉప్పు, కన్ను, పాలు, అవసరం. ఆయన నోట విన్న మాట మనదిలాగే ఉంటే చాలు, టిక్కు పెట్టేశాను. అర్థమేమిటని అడగలేదు. ఒకటేనని తేలిపోయాక అడగడానికేముంది?

ఇరవై ఆరో రోజు పొద్దున, లోడింగు ముమ్మరంగా ఉండగా, అన్న కంప్రెసర్ గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. కళ్ల వెంట నీళ్లు. “అవసరం! అవసరం!” అని అరుస్తూ మావయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“ఏం అవసరమయ్యా? ఇప్పుడు కాదు, సాయంత్రం చెప్పు,” అన్నాడు మావయ్య, చెయ్యి విడిపించుకుంటూ.

లారీ మీద కూలీ ఒకడు, “ఏం అవసరం మేస్త్రీగారూ, ఒకటికా, రెండుకా?” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

అన్న మా మొహాలన్నీ ఒకసారి చూశాడు. గోనెసంచీ ఒకటి తొట్టిలో ముంచి, మొహానికి చుట్టుకొని, ఒక్కడే లోపలికి పోయాడు. ఆ తర్వాత గాలి మావైపు తిరిగింది. లీకైన అమోనియా ఘాటు ముక్కుకు తగిలింది. లారీ మీదివాళ్లు దూకి పరుగులు తీశారు. నా చేతిలో రిజిస్టరు, అందులో ఆ గంట ప్రెషరు అంకె సగం రాసి ఉంది. నేను అక్కడే నిలబడ్డాను. లోపల వాల్వు చక్రం తిప్పుతున్న కిర్రుమనే చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగింది. అన్న గడప మీదికి పాక్కుంటూ వచ్చి పడిపోయాడు. వాల్వు కట్టేశాడు. అరచేతుల తోలు లేచిపోయింది.

కైకలూరు డాక్టరు కళ్లు కడిగి ఏలూరు తీసుకెళ్లమన్నాడు. మావయ్యా నేనూ జీపులో తీసుకెళ్లాం. ఆస్పత్రి వరండాలోకి వ్యాను డ్రైవరు పరుగున వచ్చి, జరిగింది విని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“అరవంలో అవసరం అంటే అర్జంటని కదండీ. తొందరగా రమ్మని కదండీ మొత్తుకున్నాడు!”

మావయ్య బల్ల మీద కూలబడ్డాడు. “నేను సాయంత్రం చెప్పమన్నాన్రా,” అన్నాడు. నేను సంచిలోంచి నోటుబుక్కు తీశాను. టిక్కు అక్కడే ఉంది, స్కేలుతో గీసినంత చక్కగా. అడ్డంకుల జాబితాలో నేను రాయని ఆరోది నా చేతిరాతే.

అన్నకు ఒక కంటికి చూపు పూర్తిగా రాలేదు. నెల నిండకముందే మావయ్య ఆ గదికి సున్నం వేయించి, తాళంచెవి తనే ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టుకట్టిన ఆ చేతిలో పెట్టాడు. భార్యా కూతురూ వచ్చారు. నాలుగేళ్లుండి, అమ్మాయి పైచదువు కోసం మళ్లీ తమిళనాడు వెళ్లిపోయారు. ఆయన వచ్చీరాని తెలుగులో నాతో ఒకసారి, “లిస్టు మంచిదే తంబీ. ఒక్క మాటే,” అన్నాడు. కూలీలు మాత్రం ఆ రోజు నుంచీ తొందరను తొందర అనలేదు. ఎవరూ చెప్పకుండానే, సిగ్గుతో, ఆ ఒక్క మాట ఆయన భాషలోకి మార్చుకున్నారు.

ఆయన మా మొహాలు చూసి లోపలికి వెళ్లడానికీ, మళ్లీ గడప మీద కనబడడానికీ మధ్య మూడు నిమిషాలని రిజిస్టరులో నేనే రాశాను. ఆ మూడు నిమిషాలూ నాకింకా గడవలేదు.