మాస్టారి వైసు, ఉప్పు చెరువు

మంగళవారం పొద్దున 0540 గంటలకు మా దళం రేపల్లె స్టేషన్లో దిగింది. వాన లేదు. గాలి లేదు. రెండూ నాలుగు రోజుల క్రితమే తమ పని కానిచ్చుకుని వెళ్లిపోయాయి. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. ఆ తర్వాత భూమి పీతలది.

ఇది ఎనభైల చివరి సంగతి. తుఫాను సముద్రాన్ని ఎత్తి పొలాల మీద పోసింది. సహాయానికి పదకొండు మందిమి వెళ్లాం. లెఫ్టినెంట్ సాబ్‌ది పంజాబు. ఆయనకొచ్చిన తెలుగు మాటలు రెండు: నీళ్లు, వద్దు. ఆ వారం రోజులకీ ఆ రెండే సరిపోయాయి. హవల్దారుది బాపట్ల. నేను మెకానిక్కుని, చేతి మీద రెండు గీతలున్న నాయక్‌ని, తెనాలివాణ్ణి. సైన్యం మా ఇద్దర్నీ పన్నెండేళ్లు మంచుకొండల్లో తిప్పి, చివరికి మా ఇళ్ల పక్కనే యుద్ధంలోకి దింపింది. రైలు తెనాలిలో పన్నెండు నిమిషాలు ఆగింది. దిగడానికి ఆర్డరు లేదు. కిటికీలోంచి మా ఊరి గాలి మూడు గుక్కలు పీల్చుకుని సరిపెట్టుకున్నాను.

నా దగ్గరున్న సామాను: దోమతెర ఒకటి, రేషను సంచి ఒకటి, చెక్క టూల్ బాక్స్ ఒకటి. బాక్సులో నూట పద్నాలుగు పనిముట్లు. బరువు అప్పట్లో నలభై కిలోలు. నా జ్ఞాపకంలో అది ఏటా ఒక కిలో పెరుగుతోంది. ఇంకో పదేళ్లకి దాన్ని క్రేనుతో గాని గుర్తు తెచ్చుకోలేను.

0700 గంటలకు ఆర్డరు వచ్చింది. లెఫ్టినెంట్ సాబ్ హిందీలో చెప్పాడు, హవల్దారు దాన్ని బాపట్ల భాషలోకి దించాడు.

“సముద్రం వైపు ఒక ఊరుంది. తాగడానికి ఒక్కటే చెరువు. దాన్నిండా ఇప్పుడు ఉప్పునీళ్లు. ఆదివారం పదకొండింటికి కాలవలో మంచినీళ్లు వదుల్తారు. ఒక్క రోజే. తర్వాత వంతు వేరే ఊళ్లది. ఆ లోపల చెరువు ఖాళీ చేస్తే ఊరు నీళ్లు తాగుద్ది. లేకపోతే వానలు పడేదాకా ట్యాంకరు ముందు బిందెలే. అర్థమైందా తెనాలీ?”

“ఐదు రోజులెందుకండి? మూడు చాలు,” అన్నాను.

0915కి పడవెక్కాం. 0950కి ఎదురుగా ఇంకో పడవలో ఒక మేజర్ సాబ్ వస్తూ కనిపించాడు. పన్నెండేళ్ల అలవాటు. లేచి నిలబడ్డాను. మడమలు కలిపాను. సెల్యూట్ కొట్టాను. పాపం ఆ పడవకి సైనిక శిక్షణ లేదు.

నేను పైకి తేలాను. టూల్ బాక్స్ తేలలేదు. అది వెళ్లిన చోట కాలవ లోతు రెండు నిలువులు, అడుగున బురద ఇంకో నిలువు. మేజర్ సాబ్ మాత్రం తన పడవలో కూర్చునే సెల్యూట్ తిరిగి కొట్టి సాగిపోయాడు.

“ఒరే, చెయ్యి కిందికి దించరా,” అన్నాడు హవల్దారు నన్ను జుట్టు పట్టి లాగుతూ. నీళ్లలో కూడా నా చెయ్యి నుదుటి దగ్గరే ఉందట. ఇది ఆయన కల్పించిందని నా అనుమానం. కల్పనలు చేసే హక్కు ఈ కథలో నాకొక్కడికే ఉంది.

ఆయనే రేడియో అందుకున్నాడు. అందులో హెడ్‌క్వార్టర్సు పేరు పులి, మా పేరు చేప.

“పులీ, పులీ, చేప మాట్లాడుతోంది. టూల్ బాక్స్ పోయింది. ఓవర్.”

“చేపా, ఎక్కడ పోయింది? ఓవర్.”

“నీళ్లలో. ఓవర్.”

అవతల రిజిస్టరు తిరగేస్తున్న చప్పుడు. తర్వాత, “ఇంకోటి రావడానికి పది రోజులు. ఓవర్ అండ్ అవుట్.”

ఊళ్లో రైతుల పంపుసెట్లు రెండున్నాయి. రెండూ ఉప్పెనలో మునిగి లేచినవే. సైకిల్ షాపులో రెండు పానాలు అడిగి తెచ్చుకుని, ఇంజిన్లని ఆరబెట్టి, నూనె మార్చి, సాయంత్రానికి రెండింటినీ పలికించాను. అసలు చిక్కు పంపుల దగ్గరొచ్చింది. ఉప్పుకి బేరింగులు తుప్పు పట్టి ఇరుసుని కరుచుకుపోయాయి. రేపల్లె రైస్ మిల్లు ఆయన కొత్త బేరింగులు రెండు పంపించాడు. పాతవి ఊడితే కదా కొత్తవి ఎక్కేది. అవి ఊడాలంటే ముందు వాటి మీదున్న బెల్టు చక్రం రావాలి. చక్రం రావాలంటే దాన్ని పట్టి బయటికి లాగే పుల్లర్ కావాలి. నా పుల్లర్ పీతల వర్క్‌షాపులో ఉంది.

బుధవారం 0810. సమ్మెట తీసుకున్నాను. ఊరంతా చుట్టూ నిలబడింది. యూనిఫాం వేసుకున్నవాడి చుట్టూ జనం ఉంటే చేతికి బలం ఎక్కువ, బుర్రకి తక్కువ. నాలుగు దెబ్బలు వేశాను. నాలుగో దెబ్బకి చక్రం రెండు ముక్కలై, ఒక ముక్క హవల్దారు బూటు మీద పడింది. ఇరుసు కూడా వంగింది.

రెండు పంపుల్లో ఒకటి పోయింది. ఒక ముసలామె బిందె చంకనెత్తుకుని ట్యాంకరు వచ్చే దారి వైపు నడిచింది.

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. “అది పోత ఇనుమయ్యా. శత్రువు కాదు.”

ఆయన దేవసహాయం మాస్టారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. మనిషి ఎంత సన్నమంటే చెవి మీద పెట్టుకున్న పెన్సిలు ఆయనకి బరువుగా ఉన్నట్టు కనిపించేది. ఉప్పెన ఆయన ఇంటి గోడలు రెండు తీసుకెళ్లింది. పెరట్లో షెడ్డుని మాత్రం కదపలేకపోయింది. షెడ్డు మూలస్తంభాలు నాలుగూ రైలు పట్టాలు.

లోపలికెళ్లి నోరు తెరిచాను. కొన్న పనిముట్టు ఒక్కటి లేదు. ఇనుము పెట్టి కొట్టే దాగలి రైలు పట్టా ముక్క. కొలిమికి గాలి కొట్టేది డాల్డా డబ్బా రేకులతో చేసిన పంకా, దాన్ని తిప్పేది సైకిల్ చక్రం. సానరాయి ఇంకో సైకిల్ వెనక చక్రం స్థానంలో కూర్చుంది. రంధ్రాలు వేసే బరమా పాత జీపు పళ్లచక్రాలతో పుట్టింది. చెక్కని గిరగిరా తిప్పి చెక్కే లేతు కుట్టుమిషను తొక్కుడుతో నడుస్తుంది. మా రెజిమెంటు వర్క్‌షాపు దీని ముందు బొమ్మల కొట్టు. ఇందులో అతిశయోక్తి పావు వంతే.

“ఆ తొక్కుడు నాదయ్యా,” అంది ఆయన భార్య మార్తమ్మ గారు గుమ్మంలోంచి. “ఆరేళ్లైంది. అప్పట్నుంచి మిషను చేత్తో తిప్పి కుడుతున్నాను. ఈయన మాత్రం కాలితో తొక్కి బొంగరాలు చేస్తాడు.”

“బొంగరాలు కావు, ఆకురాళ్లకి పిడులు,” అన్నాడు మాస్టారు, ఇనుము అరగదీసే గరుకు కడ్డీల వరస చూపిస్తూ.

“పిడులకేం తక్కువ లేదు. ఇంట్లో గరిటెకే లేదు.”

మాస్టారు పలక మీద పుల్లర్ బొమ్మ గీశాడు. రెండు కొక్కేల చేతులు, అడ్డంగా ఒక దిమ్మ, దిమ్మ మధ్యలోంచి ఒక మర. కొక్కేలు చక్రం వెనక తగిలించి, మర కొసని ఇరుసుకి ఆనించి తిప్పితే చక్రం తనంతట తాను బయటికి రావాలి. చేతులకి లారీ కమాను పట్టీ. ఉప్పెన విసిరేసిన లారీ ఒకటి కాలవ గట్టు మీద బోర్లా పడి ఉంది. యజమానిని అడిగాం. “ఇంక దాంతో నాకేం పనండి, తీసుకోండి,” అన్నాడు.

కమాను పట్టీని ఎర్రగా కాల్చి ఒంచాం. “ఇప్పుడు బూడిదలో పూడ్చు. దానంతట అది చల్లారాలి. అప్పుడే బరమా దిగుద్ది,” అని చెప్పి మాస్టారు భోజనానికి వెళ్లాడు.

ఎంతసేపు? రేపు పొద్దున దాకా. నాకు ఓపిక లేదు. బాల్చీ నీళ్లున్నాయి. ముంచాను. బుస్సుమంది. చల్లబడింది. బరమా పెట్టి తిప్పాను. మొన టప్పున విరిగింది. నీళ్లలో ముంచిన ఉక్కు రాయికన్నా గట్టిపడుతుందని నాకు తెలుసు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. ఊళ్లో అంత లావు బరమా మొన అదొక్కటే.

మాస్టారు వచ్చి విరిగిన ముక్క అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“ఎవరు చేశారు?”

“నేనేనండి.”

“ఇంకోటి కూడా నువ్వే చెయ్యి. మా స్కూల్లో అదే రూలు.” అరిగిపోయిన ఆకురాయి ఒకటి చేతికిచ్చాడు.

కమాను మళ్లీ కాలి ఈసారి బూడిదలోకెళ్లింది. ఆకురాయిని సానపట్టి మొన చెయ్యాలి. హవల్దారు సాన సైకిలెక్కాడు. బాపట్ల నుంచి కాశీ వెళ్లి వచ్చినంత తొక్కాడు. అంగుళం ముందుకు పోలేదు.

“ఒరే తెనాలీ, ఈ ఆర్డరెవరిచ్చారు?”

“మాస్టారండి.”

“ఆయన ర్యాంకేంటి?”

“లెక్కలు.”

“అయితే సరే,” అని మళ్లీ తొక్కాడు. చిన్నప్పుడు ఆయన లెక్కల్లో మూడుసార్లు తప్పాడట.

గురువారం 1630. చేతులు తయారయ్యాయి. అడ్డదిమ్మ తయారైంది. రంధ్రాలు పడ్డాయి. లేనిదల్లా మధ్యలో మర. బోల్టు బిగించి చూస్తే దాని మర గీతలు పిప్పయ్యాయి. లావుపాటి చదరపు గీతల మర కావాలి. ఊరంతా వెతికాం. లేదు.

నాకు అప్పటికే కనబడింది. మాస్టారికి అంతకు ముందే కనబడి ఉంటుంది. బల్ల అంచున ఆయన వైసు. ఇనుప ముక్కని రెండు దవడల మధ్య కదలకుండా పట్టుకునే పనిముట్టు అది. ఆ దవడలు రైలు పట్టా లావు భాగం నుంచి కోసినవి. వాటిని బిగించే మర పాత లారీ జాకీది. షెడ్డులో ఆయన చేసిన మొదటి వస్తువు అదే. చెయ్యడానికి రెండేళ్లు పట్టిందట. మిగతావన్నీ దాని నోట్లో పెట్టి చేసినవే.

నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

మాస్టారు వైసు పిడి పట్టుకున్నాడు. “మర వంగిందంటే ఇంకిది షెడ్డు కాదయ్యా. కోళ్లగూడు.”

గుమ్మంలో మార్తమ్మ గారు ఉంది. వేళాకోళం వస్తుందనుకున్నాను. ఆవిడ లోపలికొచ్చి ఆకురాళ్ల పక్కన ఖాళీ బిందె పెట్టింది. “ట్యాంకరు ఇవాళ రాలేదండి,” అంది.

ఆయన పెన్సిలు చెవి మీంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. పిడి ఎడమకి తిప్పడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు చుట్లు. లెక్కపెట్టాను. మర బయటికొచ్చాక గుడ్డతో తుడిచి, పుట్టిన బిడ్డని అందించినట్టు రెండు చేతులతో నాకిచ్చాడు.

శుక్రవారం 1105. చెరువు గట్టు. కొక్కేలు తగిలించాం. మర ఆనించాం. పిడికి మూడడుగుల గొట్టం తొడిగి బిగించాను. పావు చుట్టు. మూలిగింది. ఇంకో పావు. మర మధ్యలో వెంట్రుకవాసి వంపు కనబడింది. మాస్టారు కూడా చూశాడు.

“ఆపమంటారా?”

“కిరసనాయిలు పొయ్యి. పది నిమిషాలాగు. ఈసారి ఆగుతావు కదా?”

ఆగాను. నా సర్వీసులో అంత పొడుగు పది నిమిషాలు మంచుకొండల మీద కూడా లేవు. తర్వాత పావు చుట్టు. ఫిరంగి పేలినట్టు చప్పుడు. హవల్దారు నేల మీద బోర్లా పడుకున్నాడు. తల ఎత్తి చూస్తే చక్రం కొక్కేల మధ్య వేలాడుతోంది. ముక్క కాలేదు. దాని వెనకే బేరింగూ దిగింది, కొత్తది ఎక్కింది.

1210కి పంపు నీళ్లు కక్కింది. లెఫ్టినెంట్ సాబ్ “నీళ్లు! నీళ్లు!” అని అరిచాడు. ఆయన తెలుగులో సగం ఖర్చయిపోయింది.

నలభై ఏడు గంటల టైముంది. ఒక్క పంపుకి అది చాలదని మాస్టారు పలక మీద తేల్చాడు. ఆ మాట వినగానే జనం ఇళ్లకెళ్లి గూడలు తెచ్చారు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి తాళ్లతో గూడ ఊపి నీళ్లు విసిరెయ్యడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. నేను ఒక పూట ఊపాను. నీళ్లన్నీ హవల్దారు మీదే పడ్డాయి. ఆదివారం 0935కి చెరువు అడుగు కనబడింది. ఆ వారం ఆరాధన గట్టు మీదే జరిగింది. పాస్టరు గారి పాంటు మోకాళ్ల దాకా బురదే.

వైసు మర మళ్లీ దాని ఇంటికెళ్లింది. కొంచెం వంకరైంది. పిడి తిప్పితే వైసు తలాడిస్తుంది. “పర్లేదు, ఇప్పుడు దానికి కూడా అవునండి అనడం వచ్చింది,” అన్నాడు మాస్టారు.

అదే రోజు 1500 గంటలకు బయల్దేరాం. టూల్ బాక్స్ మీద విచారణ తొమ్మిది నిమిషాలు జరిగింది. గీతలు రెండూ చేతి మీదే మిగిలాయి. కొత్త ఆర్డరు ఒకటి వచ్చింది: పడవల్లో సెల్యూట్ కూర్చునే చెయ్యాలి. సైనిక చరిత్రకి నేను చేసిన సేవ అదొక్కటే. రిటైరై తెనాలి వచ్చాక పెరట్లో నాకూ ఒక షెడ్డు వెలిసింది. మొట్టమొదట వైసే చేశాను. మొదటి ఏడాది అది దేన్నీ పట్టుకోలేదు, నా బొటనవేలిని తప్ప.

తిరుగు ప్రయాణం చెప్పేశాను గాని, ఆ ఆదివారం పదకొండింటి సంగతి ఒకటి దాచుకున్నాను. ఇందులో ఒక్క ఆవగింజ కూడా పెంచడం లేదు.

కాలవ తలుపెత్తారు. ఎర్రటి నీళ్లు బోదె కాలవలోంచి చెరువులోకి దిగాయి. ఉప్పు చార తెల్లగా కట్టిన మెట్లని ఒక్కొక్కటే తడుపుతూ లేచాయి. బిందెలున్నవాళ్లు కూడా ముంచలేదు. ఊరు ఊరంతా మెట్ల మీద గొంతుక్కూర్చుని, ఒక్కొక్కళ్లు ఒక్కొక్క వేలు నీళ్లలో ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. మూడొందల మంది. మూడొందల వేళ్లు.

ముందుగా మార్తమ్మ గారి గొంతు వినిపించింది.

“చప్పగా ఉందండీ.”

పచ్చిమిరపకాయ లేకుండా మజ్జిగ కూడా తాగని జిల్లా మాది. కూర గురించి ఆ మాటంటే కంచం పక్కకి జరుగుతుంది. ఆ రోజు మెట్టు మెట్టుకీ ఆ మాటే పాకింది. చప్పగా ఉంది, చప్పగా ఉంది అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటూ నవ్వారు, ఏడ్చారు, మళ్లీ వేలు ముంచారు. మాస్టారు మాత్రం వేలు నోట్లోంచి తియ్యకుండా అట్లాగే కూర్చున్నాడు.