మూడో ఆటలోని బావి

నేను ఇంజనీరింగు చదివే రోజుల్లో మా కుటుంబం ఇబ్రహీంపట్నంలో ఉండేది. నాన్న గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక కోళ్లఫారంలో మేనేజరుగా చేరారు. హైదరాబాదు చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లుగా మారిపోతున్న కాలం అది. బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పై అంతస్తులో ఒకాయన కంప్యూటర్ గేముల సెంటర్ పెట్టాడు. రావిర్యాల వైపు రైతు కుటుంబం. వాళ్ల భూమి ఏదో కంపెనీకి పోతే, వచ్చిన డబ్బుతోనే ఆ కంప్యూటర్లు కొన్నాడని అనుకునేవారు. మేమంతా ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్లం.

మేం ఆడేవన్నీ తుపాకీ ఆటలే. తెర కింద మన చేతిలో తుపాకీ కనిపిస్తూ ఉంటుంది. మన కళ్లతో చూస్తున్నట్టే నడుస్తాం, ఎదురొచ్చినవాణ్ని కాలుస్తాం. వాటిలో మూడంటే మాకు ప్రాణం. మొదటిది రాక్షసులు తిరిగే నేలమాళిగ. రెండోది పాత కోటలో మాలో మేమే ఒకరినొకరు వేటాడుకునేది. మూడోది కొండ కింద కట్టిన ప్రయోగశాల. అందులో తెల్ల కోట్లు వేసుకున్నవాళ్లు ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పేవాళ్లు. ఆ యాస మాకెవరికీ అంతుపట్టేది కాదు. అన్న కుర్చీ లాక్కుని వెనక కూర్చుని కథ చెప్పేవాడు.

"వీడు రైతు. వీని బాయి కింద కంపెనోళ్లు తవ్వుకున్నరు. గా బాయి ఏడుందో సూసుకుందామని దిగుతున్నడు. గా తెల్ల కోటోళ్లు సంతకం పెడితెనే తలుపు తెరుసుకుంటది."

మేం నమ్మాం. నమ్మకపోవడానికి కారణమేమీ కనిపించలేదు. తలుపులు నిజంగానే వాళ్లొచ్చి ఏదో చేస్తేనే తెరుచుకునేవి. చాలా లోతుకు దిగాక ఒక గుండ్రటి గదిలో నల్లటి నీళ్లు కనిపించేవి. అక్కడికి చేరేసరికి అన్న గొంతు తగ్గిపోయేది.

"గదే బాయి. జర ఆగు, సూడనీ" అనేవాడు.

కాల్చడం ఆపి అందరం నీళ్లకేసి చూసేవాళ్లం.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, నగరానికి అవతలి వైపు కాపురం పెట్టాను. ఫోన్లు వచ్చాక సెంటర్ మూతపడింది. అన్న తుక్కుగూడలో ఇల్లు కట్టుకుని, ప్లాట్లు చూపించే పనిలో దిగాడు. అప్పుడప్పుడూ ఫోన్లో పలకరించుకునేవాళ్లం.

ఆ మధ్య మా ఆఫీసు పత్రికకు ఒక వ్యాసం రాయమన్నారు. పాత తుపాకీ ఆటలు ఇప్పుడు ఆడితే ఎలా ఉన్నాయి, ఏది నిలిచింది, ఏది పాతబడింది అన్నది విషయం. క్యాంటీన్లో నేను ఆ కబుర్లే చెబుతానని అందరికీ తెలుసు. ఆ మూడు ఆటలూ ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఒక ఆదివారం అన్న ఇంటికి వెళ్లాను. ఆయన మీద ప్రేమతో వెళ్లానని చెప్పుకోవచ్చు. ఆయన యాసలో నాలుగు మాటలు దొరికితే వ్యాసానికి రంగు వస్తుందన్న ఆలోచన కూడా ఉంది.

అన్న చాలా సంతోషించాడు. డిగ్రీ చదువుతున్న వాళ్లమ్మాయిని కేకేసి పిలిచాడు. "మేం గివే ఆడెటోళ్లం బిడ్డా" అని చూపించాడు.

ఆశ్చర్యమేమిటంటే, మొదటి ఆట ఏమీ ముసలిది కాలేదు. రాక్షసులు అట్టముక్కల్లా ఉన్నారు, తల పైకెత్తి చూడ్డానికే వీల్లేదు. అయినా పరుగు పరుగే. నిజంలా కనిపించాలన్న తాపత్రయం దానికి మొదటి నుంచీ లేదు కాబట్టి బొమ్మగానే బతికిపోయింది. రెండోది అలా కాదు. పలకలు అతికించినట్టున్న ముఖాలు, ఎటు చూసినా మట్టిరంగు గోడలు. కాసేపటికే నాకు కళ్లు తిరిగాయి. పైగా ఎదురుగా తిట్టుకుంటూ ఆడే స్నేహితులు లేకపోతే ఆ కోటలో ఏమీ లేదని తెలిసింది.

మూడోది తెరిచాను. మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేసిన కాపీ అది. పాత్రలు మాట్లాడే మాటలు కింద అక్షరాల్లో వస్తున్నాయి. నేను ఆడుతూ పైకి చదువుతున్నాను. అమ్మాయి నాకంటే వేగంగా చదువుతోంది. తుపాకీ పట్టుకున్నవాడు రైతు కాడు, అక్కడే పనిచేసే కాపలా ఉద్యోగి. తెల్ల కోట్లవాళ్లు సంతకాలేమీ పెట్టడం లేదు, రహస్య సంకేతం నొక్కుతున్నారు. నాకు నవ్వు ఆగలేదు.

"అన్నా, నువ్వు మాకు చెప్పింది ఇది కాదు కదా" అన్నాను.

అన్న కూడా చిన్నగా నవ్వాడు. నేను అక్కడితో ఆగాల్సింది. గుండ్రటి గదికి చేరాం. కింద అక్షరాలు వచ్చాయి.

"ఇది బావి కాదట అన్నా. యంత్రాలు చల్లార్చే నీళ్ల తొట్టట."

అమ్మాయి పకపకా నవ్వింది. "బాపూ, నా చిన్నప్పుడు నాకు గూడ బాయి అనే చెప్పినవ్ గద."

"తొట్టేనా" అన్నాడు అన్న. తెరకేసి కాసేపు చూశాడు. "గట్లనే ఉంటదిలే. నాకేం ఇంగ్లీషు వచ్చు? బొమ్మలు సూసి చెప్పిన."

ఎవరికో ఫోన్ చేయాలంటూ లేచి బయటికి వెళ్లాడు. అమ్మాయి కూడా లోపలికి వెళ్లిపోయింది. చాయ్ తెచ్చిన వదిన కప్పు నా ముందు పెట్టి అక్కడే నిలబడింది. వంటింట్లోంచి మా మాటలు విన్నట్టుంది.

"మా బాయి రావిర్యాల కాడ ఉండె తమ్మీ. ఆయన గా బాయిలనే ఈత నేర్సుకున్నడు. భూమి కంపెనీకి పోయినంక పూడ్సిన్రు. ఆ దినం అన్నం గూడ తినలె."

భూమి పోయిందని ఇబ్రహీంపట్నంలో ప్రతి ఒక్కరికీ తెలుసు, నాకూ తెలుసు. అందులో బావి ఒకటి ఉండేదని ఆలోచించలేదు. ఆయన మా వెనక కూర్చుని ఎవరి కథ చెప్పాడో ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. దాన్ని ఆయన కూతురి ముందే తప్పని చదివి వినిపించి, పైగా నవ్వాను. వదిన ముఖంలోకి చూడలేక చాయ్ కప్పుకేసి చూస్తూ కూర్చున్నాను.

అన్న తిరిగొచ్చాక, "ఆ కథే మళ్లీ చెప్పన్నా, నేను ఆడతాను" అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

"ఇంక నేనెందుకురా? కింద రాస్తున్నడు గద, సదువుకో" అన్నాడు. కోపంగా అనలేదు. ల్యాప్‌టాప్ మూసేశాను.

వ్యాసం రాశాను. మొదటి ఆట నిలిచిందని, రెండోది మనుషులు లేక చచ్చిపోయిందని, మూడోదాని కథ ఇప్పుడు చదివితే సాదాసీదాగా ఉందని. మూడోదాని గురించి రాసింది అబద్ధం కాదు. కానీ ఆ ఆటను మేం ఎందుకు అంతగా ప్రేమించామో అందులో ఒక్క ముక్క లేదు. రాయాలంటే ఆ ఆదివారం సంగతి కూడా రాయాలి. ఆఫీసులో చాలామంది మెచ్చుకున్నారు. ఒకాయన మూడోదాని పేరానే బాగుందన్నాడు. థాంక్స్ చెప్పి పక్కకు తప్పుకున్నాను.

కొన్ని నెలలకు పెద్ద అంబర్‌పేట్ వైపు పనిపడితే, తిరుగు దారిలో రింగు రోడ్డు మీదుగా అన్న ఇంటికి వెళ్లాను. ఈసారి ల్యాప్‌టాప్ లేకుండా, ఉత్త చేతులతోనే. ఎప్పటిలాగే ఆదరించాడు. ట్రాఫిక్ గురించి, అమ్మాయి పరీక్షల గురించి చెప్పాడు. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చినవాణ్ని, నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"అన్నా, మీ బావి ఎంత లోతుండేది?"

ఆయన నా వైపు చూశాడు. వదిన చెప్పిందని అర్థమయ్యే ఉంటుంది.

"మస్తు లోతు. ఎండకాలంల దిగితె సలి పెట్టేది" అన్నాడు. నేను తలదించుకుని కూర్చున్నాను. ఆయనే లేచి, "తిని పోదువు గని, కాళ్లు కడుక్కో" అన్నాడు.