దుప్పటి కింది బండి

మా ఆయన కువైట్‌కు పోతా పోతా నాకు అప్పజెప్పింది నగలు కాదు, మోటర్‌సైకిలు. దాని మీద దుప్పటి కప్పి, తాళం నా చేతిలో పెట్టి, "ఏమ్మే, ఎవురికీ ఇయ్యాకు. ఎవురన్నా తోలినట్టు తెలిసిందా, ఆ పొద్దే అమ్మేస్తా" అన్నాడు. ప్రొద్దుటూరులో మెకానిక్కు పని చేసిన మనిషి, ఆడ కూడా గ్యారేజీలోనే పని. శుక్రవారం సెలవు. శుక్రవారం వచ్చిందంటే వీడియో కాల్ చేసి, నాతో నాలుగైదు కిక్కులు కొట్టిచ్చి బండి స్టార్టు చేయించుకుని ఆ సప్పుడు వింటాడు. నా గొంతు విన్నా అంత సంబరపడడు.

ఎండాకాలంలో నాకు కలమల్ల ఊరి పక్క బడిలో టీచరు పని వచ్చింది. జూన్‌లో చేరాల. బస్సేమో బడి గంట కొట్టినాక గానీ పోదు. ఆయనకు చెప్తే "బస్సుకే పో" అన్నాడు. బండి తోలడం వస్తేనే పని నిలబడతాది, లేకుంటే లేదు. ఇంట్లో బండి పెట్టుకుని బస్సు కోసం ఏడ్చే రకమా నేను?

మా పక్కింటి చాచా పాత లారీ డ్రైవరు. ఆయన్ను బతిమలాడి, ఎల్లెల్లార్ లైసెన్సు తెచ్చుకుని, తెల్లారేసరికి ఇండ్లు లేని వెంచరుకు చేరుకుంటాంటిమి. హెల్మెట్ పెట్టందే తాళం ముట్టనియ్యడు. "క్లచ్ మెల్లగ వదలాల బేటీ!" అని ఆయన అరుస్తాడు. నేను వదుల్తా, బండి ఎగిరి ఆగిపోతాది. మూడో రోజు ఇసకలో ముందు బ్రేకు ఒక్కటే పట్టి, పోయి ప్లాటు రాయి మీద పడినా. ఇండికేటర్ పగిలింది, మోకాలు చీరుకపోయింది. నొప్పికి కాదు, శుక్రవారం తల్చుకుని ఏడుపొచ్చింది.

శుక్రవారం పగిలినచోట నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టేసినా. దుప్పటి మీద జల్లెడతో దుమ్ము చల్లినా.

"ఇదేందే?" అన్నాడు మా ఆయన ఫోన్లో నిమ్మకాయ చూసి.

"దిష్టి మామా. వీధిలో వాళ్ల కండ్లన్నీ నీ బండి మీదే!"

ఒక్క కిక్కుకే స్టార్టయింది. నా అంత తెలివైనది కడప జిల్లాలోనే లేదనుకున్నా.

ఆ వారం నుంచి మా ఆయన ఫోన్లో పాఠాలు మొదలుపెట్టినాడు. ఇసకలో ముందు బ్రేకు ఒక్కటే పట్టగూడదు, రెండూ కలిపి పట్టాల. క్లచ్ మీద ఊరికే చెయ్యి ఉంచగూడదు. మలుపులో ముందు చక్రాన్ని కాదు, పోయే దావను చూడాల.

"నాకెందుకు మామా, నేనేమన్నా తోలతానా?"

"ఊరికే చెప్తాండాలే."

"కువైట్ ఎండకు మా ఆయన తలకాయ చెడింది చాచా" అని చెప్పి, ఇద్దరం పడీపడీ నవ్వుకుంటిమి. మరసటి పొద్దు మాత్రం మా ఆయన చెప్పినట్టే తోలతాంటి.

బడి తెరిచే ముందర శుక్రవారం. పొద్దున్నే చాచాను వెనక కూచోబెట్టుకుని కలమల్ల దాకా పోయొచ్చి, దుప్పటి కప్పి, కొత్త నిమ్మకాయ కట్టి కూచున్నా. ఫోనొచ్చింది. కిక్కు కొట్టినా. కాసేపు విన్నాడు.

"సోమవారం పోయేటప్పుడు చున్నీ నడుముకు ముడేసుకో మే. చెయిన్‌లో చిక్కితే ప్రాణం పోతాది."

గబుక్కున బండి ఆపేసినా. "నీకెవురు చెప్పినారు?"

"వారం నిలబెట్టిన బండి ఒక్క కిక్కుకు స్టార్టవుతాదా? మొదటి నిమ్మకాయ నాడే తెలిసింది."

"అమ్మేస్తావా?"

"ఆ నిమ్మకాయ పీకు ముందు."

పీకి, పగిలిన ఇండికేటర్ మీదికి ఫోను పెట్టినా. కసురుకున్నాడు.

"దాన్నెవురు చూపియ్యమన్నారు? నీకు యాడ తగిలిందో అది చూపియ్."

అప్పటికే మోకాలి మీద పెచ్చు రాలి మచ్చే మిగిలింది. అయినా దాన్ని చూపిచ్చి, ఆ దుప్పటి మీదే కూలబడి బోరున ఏడ్చినా.